లివర్‌కి ఏ ఫిట్స్ మాత్ర మేలు?

విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో ఓపీ అయ్యాక చీటీ పట్టుకుని మందుల షాపుకి వచ్చేవాళ్లలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: "బాబూ, ఈ మాత్రలు లివర్‌ని పాడుచేస్తాయంట కదా, వేరేవి లేవా?"

లివర్ ఒక్కటే చూసుకుంటే లెవెటిరాసిటమ్ మేలు. మూడింట రెండొంతుల మందు ఉన్నదున్నట్టే మూత్రంలో పోతుంది, లివర్‌కి పెద్దగా పని పెట్టదు. కిడ్నీ జబ్బుంటే డోసు తగ్గించాలి. దీని చిక్కల్లా కోపం. మెత్తటి మనిషి ఉన్నట్టుండి కంచం విసిరేస్తే, అది మాత్ర పని కావచ్చని ఇంట్లో ఎవరికీ తట్టదు.

వాల్‌ప్రోయేట్‌కి చెడ్డపేరు ఊరికే రాలేదు. కానీ లివర్ దెబ్బతినే ముప్పు అందరికీ ఒకేలా ఉండదు. రెండేళ్లలోపు పిల్లలకి, అందులోనూ రెండు మూడు రకాల ఫిట్స్ మందులు వాడుతున్నవాళ్లకి, మైటోకాండ్రియా (కణాలకి శక్తినిచ్చే భాగాలు) జబ్బులున్నవాళ్లకి ఎక్కువ. వస్తే చాలావరకు మొదటి ఆరు నెలల్లోనే వస్తుంది. ఎస్‌జీపీటీ, అంటే రక్తపరీక్షలో చూసే లివర్ ఎంజైము, కాస్త పెరగడం మామూలే. వాంతులు, మగత, అన్నం సయించకపోవడం, అదుపులో ఉన్న ఫిట్స్ తిరగబెట్టడం, వీటికి భయపడాలి. రిపోర్టు మారకముందే ఇవి కనిపించొచ్చు. మగతగా ఉంటే రక్తంలో అమ్మోనియా కూడా చూస్తారు. గర్భం వచ్చే అవకాశమున్న ఆడవాళ్లకైతే లివర్ సంగతి తర్వాత, కడుపులో బిడ్డకే ముప్పు. ఇన్ని ఉన్నా దీన్ని తీసిపారేయలేం. 2021లో వెలువడిన బ్రిటన్ సానాడ్-2 పరిశోధనలో జనరలైజ్డ్ ఫిట్స్‌కి (మెదడు రెండువైపులా ఒకేసారి మొదలయ్యేవాటికి) లెవెటిరాసిటమ్ కన్నా ఇదే బాగా పనిచేసింది.

ఫెనిటాయిన్, కార్బమాజెపైన్ అనే ఫిట్స్ మాత్రలు వాడితే జీజీటీ అనే ఇంకో లివర్ ఎంజైము పెరుగుతుంది. అవి లివర్ ఎంజైములను ఎక్కువ తయారుచేయిస్తాయి, అంతే. ఆ ఒక్క అంకె చూసి మాత్ర మానేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. వీటితో అసలు గండం అలర్జీ: మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల్లో జ్వరం, దద్దుర్లు, ముఖం వాపు, ఆపైన కామెర్లు. కార్బమాజెపైన్ అరుదుగా లివర్‌లోని సన్నటి పిత్తనాళాలనే దెబ్బతీస్తుంది. అప్పుడు ఎస్‌జీపీటీ కన్నా ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (పిత్తనాళాలు దెబ్బతింటే పెరిగే ఎంజైము) ఎక్కువ పెరుగుతుంది, ఒళ్లంతా దురద, మూత్రం ముదురు రంగు, విరేచనం తెల్లగా. మే నెల ఉక్కలో ఆ దురదని చెమటకాయల కింద కొట్టిపారేసి పౌడరు కొనుక్కుపోతారు.

కళ్లు పచ్చబడితే పసరు మందుకి పరిగెత్తడం ఇంకో గోల. పసరు తాగుతూనే, కామెర్లు తెచ్చిన మాత్రనీ మింగుతుంటారు. అలాగని సొంతంగా ఆపేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదకి రావచ్చు. కామెర్లు కనిపించినా, జ్వరంతో దద్దుర్లు వచ్చినా, ఎస్‌జీపీటీ నార్మల్‌కి మూడు రెట్లు, బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) రెండు రెట్లు దాటినా అదే రోజు డాక్టర్‌కి చూపించాలి, వాడుతున్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకెళ్లి.