సున్నా రూపాయల బాకీ మెసేజ్ తర్వాత: డెవలపర్లను తీసుకునే నా పద్ధతికి ఆరేళ్ల రివ్యూ

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మాదొక రెండు గదుల ఆఫీసు. రొయ్యల మేత అమ్మే షాపులకీ, గుంటల దగ్గర సరుకు కొనే వాళ్లకీ ఖాతాల సాఫ్ట్‌వేర్ చేసిస్తాం. ఆరేళ్లలో పదకొండు మంది డెవలపర్లను తీసుకున్నా, నలుగురు వెళ్లిపోయారు, ఇద్దరిని నేనే పంపించేశా, ఇప్పుడు నాతో కలిపి ఆరుగురం. మొదటివాణ్ణి తప్ప మిగతా అందర్నీ ఒకటే పద్ధతిలో తీసుకున్నా: మా పనిలోంచే ఒక ముక్క ఇచ్చి, దానికి డబ్బులిచ్చి, రెండు రోజులు చేయించుకుని, చివర్లో ఒక గంట పక్కన కూర్చుని మాట్లాడటం. ఈ రివ్యూ దాని మీదే.

ముందు ఆ మొదటివాడి సంగతి. అందరూ చేసినట్టే నేనూ చేశా, నెట్‌లో దొరికే ప్రశ్నలన్నీ అడిగా, టకటకా చెప్పాడు. అంకె 3తో పూర్తిగా భాగమైతే ఫిజ్ అని, 5తో అయితే బజ్ అని చూపించే ప్రోగ్రాం రెండు నిమిషాల్లో రాసి చూపించాడు. బైనరీ ట్రీని, అంటే ఒక్కో కొమ్మ రెండుగా చీలే డేటా అమరికని, తిరగేయమంటే బోర్డు మీద తిరగేశాడు. పెద్ద కంపెనీలో మూడేళ్ల అనుభవం, ఇంగ్లీషు గలగలా. అడిగిన జీతం కంటే ఇంకో రెండు వేలు కలిపి తీసుకున్నా.

అప్పట్లో మా మొదటి కస్టమర్ ఇందుకూరుపేటలో మేత షాపున్న మా బావ. రైతులు పంట వేసినప్పటి నుంచి అప్పు మీద మేత తీసుకెళ్తారు, రొయ్యలు పట్టి అమ్మాక తీరుస్తారు. బాకీ ఉన్నవాళ్లకి వారానికోసారి మెసేజ్ పోవాలి, అంతే పని. నాలుగు నెలలు బానే నడిచింది. ఒకరోజు పొద్దున్నే ఒక పెద్దాయన బండి స్టాండు కూడా వెయ్యకుండా షాపు ముందు ఆపి, ఫోన్ బావ మొహం ముందు పెట్టాడంట. 'మీ బాకీ రూ. 0.00 వెంటనే చెల్లించగలరు' అని ఉంది. "సున్నా రూపాయలు ఎట్ట కట్టాలో చెప్పబ్బయ్యా, కట్టేసి పోతా" అన్నాడంట. పైసలతో సహా తీర్చి వెళ్లిన మనిషాయన. ఊళ్లో పరువు పోయినట్టుంది ఆయనకి. బావ నాకు ఫోన్ చేసి ఏమన్నాడో ఇక్కడ రాయలేను.

జరిగింది చిన్నదే. మా డెవలపర్ డబ్బుల్ని దశాంశాల్లో, అంటే ఫ్లోట్‌లో పెట్టాడు. కంప్యూటర్ లోపల బైనరీలో, అంటే 0, 1 మాత్రమే ఉండే లెక్కలో, 0.1 కచ్చితంగా కుదరదు, మనం పదుల లెక్కలో 1ని 3తో భాగిస్తే 0.333 అని సాగుతూనే ఉంటుంది చూడండి, అట్లాగే. అందుకే 0.1, 0.2 కలిపితే 0.3 రాకుండా 0.30000000000000004 వస్తుంది. అందులోంచి రైతు కట్టిన 0.3 తీసేస్తే కంటికి కనపడనంత మిగులుతుంది, 'బాకీ సున్నా కంటే ఎక్కువా' అని ప్రోగ్రాం అడిగితే అవుననే జవాబు. మొత్తం పైసల్లోకి మార్చి పూర్ణాంకాలుగా పెట్టుకుంటే ఈ గొడవే లేదు. వాణ్ణి అడిగితే "కంప్యూటర్లు అంతే అన్నా" అన్నాడు. తప్పు నాది కూడా. బైనరీ ట్రీ అడిగిన నేను డబ్బులెట్ట దాస్తావని అడగలేదు.

అప్పట్నుంచి మొదలుపెట్టిందే ఈ పద్ధతి. అర పేజీ కాగితం ఒకటి ఇస్తా, కావాలనే సగం సగం రాస్తా. 'రొయ్యల కౌంట్ ప్రకారం రైతుకి రావాల్సిన డబ్బు లెక్క వెయ్యాలి, 30, 40, 50, 60 కౌంట్ రేట్లు రోజూ మారతాయి' అని మాత్రం ఉంటుంది. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయి అని, తక్కువ కౌంట్ అయితే పెద్ద రొయ్య, మంచి రేటు. దాంతోపాటు మా పాత కోడ్ కొంత ఇస్తా, రైతుల పేర్లు మార్చేసి. రోజుకి రెండు వేలు, నచ్చినా నచ్చకపోయినా ఇచ్చేస్తా.

ఒకబ్బాయి నాలుగు గంటల్లో పంపించాడు. స్క్రీన్ ఎంత బావుందంటే మా బావకి చూపించాలనిపించింది. 47 కొట్టా. సున్నా వచ్చింది.

కందుకూరు నుంచి వచ్చిన అమ్మాయి మొదటి రోజు మధ్యాహ్నం దాకా ఒక్క లైను రాయలేదు. ఫోన్ చేసి, "సార్, 47 వస్తే 40 రేటు కట్టాలా, 50 రేటు కట్టాలా?" అని అడిగింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డా, నిజంగా. గుంట గట్టు మీద రైతుకీ కొనేవాడికీ రోజూ జరిగే కొట్లాట అదే. మాకు తెలిసినవాళ్లలో కొందరు మధ్య తేడాని పదితో భాగించి కౌంట్‌కి ఇంత అని తగ్గిస్తారు, కొందరు ఏకంగా 50 రేటే కట్టేస్తారు, షాపుకో పద్ధతి. ఆ అమ్మాయి ఎప్పుడూ రొయ్యల గుంట చూడలేదు, వాళ్లది పొగాకు పండించే ఇల్లు. సాయంత్రం ఇంకో మెసేజ్: 'తడి తూకంలో నీళ్లకి తరుగు తీస్తారా, తీస్తే కౌంట్‌కి ముందా తర్వాతా?' అప్పుడే డిసైడ్ అయిపోయా, కోడ్ చూడటం నామకే.

చివరి గంటలో నేను చేసేది ఒకటే, పక్కన కూర్చుని రూలు మారుస్తా. ఒకే గుంటలో సగం ఇప్పుడు, సగం ఇరవై రోజుల తర్వాత పట్టారనుకో అంటా. లేదంటే గట్టు మీద సిగ్నల్ లేదు, గుమాస్తా అదే తూకాన్ని మూడుసార్లు నొక్కాడు, సిగ్నల్ రాగానే మూడూ వచ్చి పడ్డాయి, ఏం చేస్తావ్ అంటా. బాగా చెప్పినవాళ్లు తూకం ఎంటర్ చేసినప్పుడే ఫోన్‌లో దానికొక నంబరు పుట్టించాలి, మళ్లీ నొక్కినా అదే నంబరు పోవాలి, సర్వర్ ఆ నంబరు ఇంతకుముందు చూసుంటే పక్కన పడెయ్యాలి అన్నారు. "బటన్ డిసేబుల్ చేద్దాం సార్" అన్నవాళ్లూ ఉన్నారు. అదీ తప్పు కాదు, కానీ యాప్ మూసేసి తెరిస్తే మళ్లీ మొదటికే.

గిట్ హిస్టరీ కూడా చూస్తా, అంటే కోడ్‌లో ఎప్పుడేం మార్చారో దాచిపెట్టే చిట్టా. పని మొత్తం ఒకే కమిట్‌లో, అంటే ఆ చిట్టాలో ఒకే ఎంట్రీగా, 'ఫైనల్' అని పెట్టినవాళ్లతో తర్వాత ఇబ్బంది పడ్డా.

ఇబ్బందులు లేవా అంటే బోలెడు. ఉద్యోగంలో ఉన్నవాళ్లకి రెండు రోజులు ఎక్కడ దొరుకుతాయి? చంటిబిడ్డ తల్లి ఒకావిడ ఈ ఒక్క కారణంతోనే వద్దంది, ఆవిడ ఇప్పటికీ గుర్తొస్తుంది. ఇప్పుడు నాలుగు గంటలకి కుదించి శని, ఆదివారాల్లో పెడుతున్నా. ఇంకోటి, మొదట్లో నేను ఇంగ్లీషులో మాట్లాడించేవాణ్ణి. ఒంగోలు అబ్బాయి ఒకడు నత్తి నత్తిగా చెప్తుంటే ఆపేసి పంపించా, వాడి కోడ్ తర్వాత తీరిగ్గా చూసుకుని తల పట్టుకున్నా. అప్పటికే వేరే చోట చేరిపోయాడు. అప్పట్నుంచి మాటలన్నీ తెలుగులోనే.

2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక ఇంటికిచ్చే పని విలువ సగం పడిపోయింది. కొన్నాళ్లు వాడొద్దని చెప్పి చూశా, ఎవరు వింటారు? ఇప్పుడు వాడుకోమనే చెప్తున్నా. కాకపోతే ఆ చివరి గంటలో ఏదో ఒక లైను మీద వేలు పెట్టి, ఇది తీసేస్తే ఏమవుతుంది అని అడుగుతా. చాలామందికి చెమటలు పట్టేది అక్కడే.

స్టార్లు అంటే 5కి 4 ఇస్తా. పోయిన ఒకటి టైముకి. ఒక్కొక్కరి మీద నాకే ఒక పూట పైన పోతుంది, వంద మంది అప్లై చేసే కంపెనీకి ఇది కుదరదు.

కాగితం ఇప్పుడు నేను రాయట్లేదు, కందుకూరు అమ్మాయే రాస్తోంది. పోయిన నెల ఇద్దరు వస్తుంటే 47 కౌంట్ పెడదామన్నా. వద్దంది. అది నెల్లూరంతా తెలిసిపోయిందంట, కోచింగ్ సెంటర్‌లో కూడా చెప్తున్నారంట.