డీఎం42 రివ్యూ: అంకెలు తెలుసు, యూనిట్లు తెలియవు

బీమ్‌లు, కాలమ్‌ల లెక్కలు చెక్ చేయడం నా పని. వేరేవాళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేసిన డిజైన్ మీద సంతకం పెట్టే ముందు ముఖ్యమైన లెక్కలు చేత్తో ఒకసారి వేసి చూస్తాను. అందుకే కాలిక్యులేటర్ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. ఇప్పుడు వాడుతున్నది స్విస్‌మైక్రోస్ వాళ్ల డీఎం42. 1988లో వచ్చిన హెచ్‌పీ-42ఎస్ దీనికి మూలం. లోపల నడిచేది థామస్ ఓకెన్ రాసిన ఫ్రీ42 అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్.

ముందు కీల గురించి చెప్పాలి. కాస్త గట్టిగా ఉంటాయి, కానీ నొక్కిన ప్రతిసారీ పడిందో లేదో వేలికి తెలిసిపోతుంది. నా కళ్లు డ్రాయింగ్ మీద ఉంటాయి, చెయ్యి దాని పని అది చేసుకుంటుంది. ఫోన్ అద్దం మీద ఇది కుదరదు. ఒక సున్నా పడిందా, రెండు పడ్డాయా అని ప్రతిసారీ చూసుకోవాల్సిందే. ఎంత కొత్త కాలిక్యులేటర్ వచ్చినా నిజమైన బటన్లు మాత్రం ఉండి తీరాలి.

దీంట్లో ఈక్వల్ టు బటన్ లేదు. ముందు అంకెలు, తర్వాత గుర్తు. రెండు చివర్లా ఆనించిన 6 మీటర్ల బీమ్ మీద మీటరుకి 20 కిలోన్యూటన్ల లోడ్ ఉందనుకోండి. బీమ్‌ని వంచే ప్రభావం (బెండింగ్ మూమెంట్) మధ్యలో ఎంతో తెలియాలంటే లోడ్‌ను పొడవు వర్గంతో గుణించి 8తో భాగించాలి. 20 ఎంటర్, 6, స్క్వేర్, గుణకారం, 8, భాగహారం. 90 వస్తుంది. బ్రాకెట్ల గొడవ లేదు, మధ్యలో వచ్చే ప్రతి విలువా కనిపిస్తూనే ఉంటుంది. ఏదైనా తేడాగా అనిపిస్తే అక్కడే ఆగిపోవచ్చు. చెక్ చేసేవాడికి ఇంతకంటే కావాల్సింది లేదు.

34 అంకెల వరకు లెక్క కడుతుంది. నాకు అంత అవసరం లేదు, అయితే దశాంశ పద్ధతిలో కట్టడం చాలా నచ్చింది. మామూలు కంప్యూటర్ ప్రోగ్రామ్‌లలో 0.1కి 0.2 కలిపితే చాలాసార్లు 0.30000000000000004 వస్తుంది. ఇక్కడ 0.3 అంటే 0.3నే. డిస్‌ప్లే ఎండలో చక్కగా కనిపిస్తుంది. బ్యాక్‌లైట్ లేదు కాబట్టి చీకటి బేస్‌మెంట్‌లో టార్చ్ వేసుకోవాలి. బ్యాటరీ అంటారా, ఎక్కడైనా దొరికే సీఆర్2032 బిళ్ల.

ఇక అసలు లోటు. దీనికి యూనిట్లు తెలియవు. అదే బీమ్‌కి డిఫ్లెక్షన్, అంటే లోడ్ కింద ఎంత కుంగుతుందో, లెక్క కట్టేటప్పుడు పొడవును మిల్లీమీటర్లలోకి, లోడ్‌ను మిల్లీమీటరుకి న్యూటన్లలోకి నేనే మార్చుకుని ఎక్కించాలి. నా బీమ్‌కి 8.4 మిల్లీమీటర్లు రావాలి. వెయ్యి రెట్లు తప్పితే ఎవరికైనా కనిపిస్తుంది, ఆరు మీటర్ల బీమ్ ఎనిమిది మీటర్లు కుంగదు కదా! భయపడాల్సింది మూడు, నాలుగు రెట్ల తప్పులకి. అవి చూడ్డానికి సరైన జవాబులాగే ఉంటాయి. 1999లో అంగారకుడి దగ్గరికి నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ వ్యోమనౌక పోయింది ఇలాగే. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చిన విలువలను రెండోది న్యూటన్ సెకన్లు అనుకుంది. తేడా 4.45 రెట్లు.

ఇదేమీ ఎవరికీ తట్టని ఆలోచన కాదు. 1990లోనే హెచ్‌పీ-48ఎస్ఎక్స్ కాలిక్యులేటర్‌లో అంకెకి యూనిట్ తగిలించి లెక్క చేసుకునే వీలుంది. కాకపోతే మెనూలు తెరుచుకుంటూ వెళ్లాలి. హడావిడిలో అంత ఓపిక ఎవరికి ఉంటుంది?

నాకు కావాల్సింది ఎంటర్ పక్కనే ఒక యూనిట్ కీ. 6 కొట్టి, అది నొక్కి, మీటర్ అంటే చాలు, ఆ మీటర్ చివరి జవాబు దాకా అంకెతోనే వెళ్లాలి. మీటర్లకి న్యూటన్లు కలపబోతే కుదరదని చెప్పాలి. ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఒక పేరు పెట్టుకునే వీలుండాలి, 'రూఫ్ స్లాబ్ లోడ్' అన్నట్టు. ఆరు నెలల తర్వాత తెరిచినా లెక్క వరుసగా చదువుకోగలగాలి. ఇంటర్నెట్, కెమెరా వద్దే వద్దు. లెక్క మధ్యలో నన్ను పలకరించేది ఏదీ అందులో ఉండకూడదు.

యూనిట్లు రోజూ అవసరమయ్యేవాళ్లు ఇది తెలిసే కొనండి. మిగతా విషయాల్లో నేను వాడినవాటిలో ఇదే ఉత్తమం. ఎంటర్ పద్ధతి కొత్త అయితే ముందు ఫోన్‌లో ఫ్రీ42 వేసుకుని చూడండి. అది ఉచితం, లెక్క కట్టే తీరు కూడా ఇదే. చెయ్యి అలవాటు పడ్డాక డీఎం42 సంగతి ఆలోచించవచ్చు.