ముందు బ్రేకు లేని బండితో కొన్ని సీజన్లు: ఫ్లాట్ ట్రాక్ మీద నా అభిప్రాయం

ఫ్లాట్ ట్రాక్ అంటే మట్టి ఓవల్ మీద ఎప్పుడూ ఎడమకే తిరుగుతూ చేసే మోటార్‌సైకిల్ రేసు. గుట్టల మీంచి దూకించే మోటోక్రాస్ 450 సీసీ బండిని దానికోసం మార్చుకుంటే ఇక్కడ అమెరికాలో డీటీఎక్స్ బండి అంటారు. నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్నది అలాంటిదే. ఇల్లినాయ్, ఒహాయో వైపు ఫెయిర్‌గ్రౌండ్స్‌లో ఉండే మట్టి ఓవల్స్ మీద ఆమెచ్యూర్ క్లాసుల్లో కొన్ని సీజన్లుగా దాన్నే తిప్పుతున్నాను. పేరున్న రేసర్ని కాదు, మెయిన్ రేసుకి క్వాలిఫై అయితే మధ్యలో ఎక్కడో ముగించే రకం. కానీ బండి, షూ, టైర్లు అన్నీ అరిగేదాకా వాడాను, అక్కడి మనుషులతో గంటలు గంటలు గడిపాను కాబట్టి, దిగుదామా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకి పనికొచ్చే నాలుగు మాటలు చెప్పగలననిపించి రాస్తున్నా.

ముందు బండి సంగతి. చేసే మార్పులు వింటే తక్కువే అనిపిస్తాయి. మోటోక్రాస్ ముందు చక్రం 21 అంగుళాలు, దాన్ని తీసేసి ముందూ వెనకా 19 అంగుళాల వెడల్పు రిమ్ములు వేస్తారు, వాటికి ఫ్లాట్ ట్రాక్ టైర్లు. ముందు ఫోర్కుల్ని, వెనక షాక్‌ని, అంటే సస్పెన్షన్‌ని, లోపల పొట్టి చేయిస్తారు, దాంతో బండి నేలకు దగ్గరవుతుంది. వెడల్పాటి హ్యాండిల్ వేస్తారు. ఇక ముందు బ్రేకు ఉంది చూశారూ, డిస్కు, క్యాలిపర్, లీవర్ అన్నీ ఊడబీకేయాలి, ఓవల్ మీద దానికి అనుమతి లేదు. 1969కి ముందైతే వెనక బ్రేకు కూడా ఉండేది కాదట, జాతీయ స్థాయి రేసర్లు మైలు ట్రాకుల మీద కూడా అసలు బ్రేకన్నదే లేని బండ్లతో ఒకరినొకరు రాసుకుంటూ పోయేవాళ్లు.

మొదట్లో కుడి చేతి వేళ్లు లేని లీవర్ కోసం వెతుక్కుంటాయి, అది అందరికీ ఉండేదే. కొన్నాళ్లకి ఆ లోటు గుర్తుకే రాదు. బండి వంగి ఉన్నప్పుడు మట్టిలో ముందు చక్రం జారితే చేసేదేం లేదు, పడటమే. వెనక చక్రం జారితే సర్దుకోవడానికి వీలుంటుంది, టైమ్ కూడా ఉంటుంది. అందుకే ఇక్కడ వేగం తగ్గించడమంటే స్ట్రెయిట్ చివర్లో థ్రాటిల్ మూసి బండిని ఎడమకి పడేయడం, వెనక చక్రం కుడివైపుకి బయటికొచ్చి మట్టిని గీరుకుంటూ పోతుంటే ఆ అడ్డంగా జారడమే బ్రేకు. ఆ క్షణంలో హ్యాండిల్ కుడికి తిరిగి ఉంటుంది, బండి ఎడమకి పోతుంటుంది. కూర్చునేది సీటు మధ్యలో కాదు, కుడి అంచు మీద. కుడి తొడ ట్యాంకుకి ఆనించి, బరువంతా కుడి ఫుట్‌పెగ్ మీద వేసి, మోచేతులు పైకెత్తి, ఎడమ కాలు ముందుకు చాపి, చూపు మాత్రం మలుపు బయటపడే చోటు మీద. అప్పుడు మెల్లగా థ్రాటిల్ తెరవాలి. రోడ్డు బండి బాగా నడిపేవాళ్లకి ఇది ఇంకా కష్టం, ఎందుకంటే వాళ్ల ఒళ్లు మలుపు లోపలికి వాలాలని చూస్తుంది, ఇక్కడ బండిని కిందికి తోసి మనం పైన నిటారుగా ఉండాలి.

ఆ చాపిన ఎడమ కాలికే స్టీలు షూ. నేను వాడిన సామానంతటిలో దీని మీద నాకున్నంత అభిమానం దేనిమీదా లేదు. బూటు అడుగుకి సరిగ్గా సరిపోయేలా వంచిన ఇనప రేకు, ముందు బొటనవేలి దగ్గర ఒక టోపీలాంటి భాగం, వెనకనుంచి మడమ మీదుగా వచ్చే పట్టీ, అడుగున తొందరగా అరగకుండా గట్టి వెల్డింగ్. కాలిఫోర్నియాలో కరోనా అనే ఊళ్లో కెన్ మేలీ అనే ఆయన ఏళ్లతరబడి ఇవే చేసి ఎందరో పేరున్న రేసర్ల కాళ్లకి తొడిగారు, పాతవాళ్లు ఇప్పటికీ ఆయన్ని షూమ్యాన్ అనే తలుచుకుంటారు. రబ్బరు సోల్‌తో ఆ వేగంలో కాలు నేలకు తగిలితే పట్టేసి మోకాలు మెలిక పడుతుంది, ఇనుమైతే జారుతుంది, అంతే తేడా. కాకపోతే కాలు ఉన్నది బండిని మోయడానికి అనుకుంటే తప్పు. ఆనీ ఆననట్టు ఉండాలి, నేల ఎంత దూరంలో ఉందో, ఎంత జారుడుగా ఉందో అది చెబుతుంది. గట్టి మట్టి మీద కీచుమంటూ గీరుకుంటుంది, వదులు మట్టిలో సద్దు దాదాపు ఉండదు, ఆ తేడా హెల్మెట్ లోంచి వినపడకపోయినా అరికాలికి తెలుస్తుంది. చాలాకాలం వాడాక గమనించిందేంటంటే, నాది ముందుగా బయటి అంచు దగ్గరే అరుగుతోంది, మరీ పలచబడకముందే మళ్లీ వెల్డింగ్ వేయించుకోవాలి. పట్టీ కూడా ఎండకీ మట్టికీ బిగుసుకుపోతుంది. సిమెంటు గచ్చు మీద దాంతో నడవడం మాత్రం నరకం, మట్టి మీద పడనివాడు కూడా పిట్స్‌లో, అంటే బండ్లు సర్దుకునే చోట, జారి పడతాడు.

సరే, అసలు విషయం. "ఎడమకి తిరగడం తప్ప అందులో ఏముంది" అని చాలామంది అడుగుతారు. మలుపు ఒకటే, నిజమే. మట్టి మాత్రం ఒకటి కాదు, పొద్దున్న ఉన్న ట్రాక్ మధ్యాహ్నం ఉండదు, మెయిన్‌కి ముందు పెట్టే అర్హత రేసులో, అంటే హీట్ రేసులో, దొరికిన దారి మెయిన్‌లో దొరకదు. నా దృష్టిలో ఈ ఆటలోని మజా అంతా ఇదే, మిగతావన్నీ దీని వెంట వచ్చేవే.

మోటుగా చెప్పాలంటే ట్రాకులు రెండు రకాలు, కుషన్, గ్రూవ్. కుషన్ అంటే పైన వదులు మట్టి పొర ఉంటుంది, చక్రం అందులో దిగబడి దానికి ఆనుకుని తిరుగుతుంది, ఎక్కడైనా వెళ్లొచ్చు, గోడ పక్కనుంచి కూడా ఓవర్‌టేక్ చేయొచ్చు. ఒహాయోలోని లైమా హాఫ్ మైల్ (అర మైలు ట్రాక్) దీనికి పేరు, అక్కడ పైపొరలో బఠాణీ గింజలంత గులకరాళ్లుంటాయి, ముందున్నవాడి చక్రం నుంచి అవి వచ్చి ఛాతీ మీద, వేళ్ల మీద తగులుతుంటే తెలుస్తుంది రేసంటే ఏంటో. గ్రూవ్ అంటే దానికి పూర్తిగా వ్యతిరేకం. బంకమట్టి రాయిలా గట్టిపడి, దాని మీద టైర్ల రబ్బరు పూసుకుపోయి, మలుపులో ఒక నల్లటి చార తయారవుతుంది. బాగా ముదిరితే బ్లూ గ్రూవ్ అంటారు. ఆ చార మీద పట్టు తారురోడ్డులా ఉంటుంది, పక్కకి ఒక్క అడుగు తప్పితే గోళీల మీద పరిగెత్తినట్టే. అక్కడ ఓవర్‌టేక్ చేయాలంటే ముందున్నవాడు చార వదిలేదాకా ఓపిక పట్టాలి, లేదా చార మొదట్లోనే లోపలికి దూరి దాన్ని లాగేసుకోవాలి.

ఇక్కడ ఇంకో చిక్కుంది. పొద్దున్న నీళ్ల ట్యాంకర్ తిప్పి గ్రేడర్‌తో చదును చేసినప్పుడు ట్రాక్ జిగురుగా ఉంటుంది, అందరూ హీరోలే. ఎండెక్కాక పొర పొరగా ఆరి, గ్రూవ్ సన్నబడుతుంది. సాయంత్రం ఎండ తగ్గితే తేమ మళ్లీ పైకొస్తుంది, మధ్యాహ్నం పనికిరాని బయటి లైన్ లైట్ల కింద ప్రాణం పోసుకుంటుంది. వెనక స్ప్రాకెట్‌లో ఒక్క పన్ను అటో ఇటో మార్చడం, టైరు బ్లాకుల్లో కత్తితో సన్నటి గాట్లు పెట్టడం, గాలి కొంచెం దించడం, ఇవన్నీ ఆ మార్పుని ముందే ఊహించి చేయాల్సినవి. ఊహించేది కూడా కంప్యూటర్ చూసి కాదు, ట్రాక్ మీదికి నడిచెళ్లి మడమతో తొక్కి చూసి, చేత్తో మట్టి పిసికి చూసి.

అక్కడి మనుషుల గురించి అందరూ "ఫ్యామిలీలా ఉంటారు" అంటుంటారు కదా, అది ఊరికే మంచితనం వల్ల వచ్చిందని నేననుకోను. మట్టి గురించి ఎవరికీ పూర్తిగా తెలియదు, అందుకే ఒకరినొకరు అడక్క తప్పదు. విరామంలో డెబ్బై ఏళ్ల పెద్దాయన, తన వింటేజ్ క్లాస్ బండి పక్కన మడత కుర్చీలో కూర్చుని, "మూడో మలుపులో నీళ్లు ఎక్కువ పోశారు, ఇంకో రెండు రేసులయ్యాక అక్కడ గుంత పడుతుంది, పైనుంచి వెళ్లు" అంటాడు. అచ్చం అలాగే పడుతుంది. పక్కవాడు నాతో అదే క్లాసులో పోటీ, అయినా ఏ గేరింగ్ వేశాడో అడిగితే దాచడు. నా క్లచ్ కేబుల్ తెగినరోజు తన దగ్గరున్న కేబుల్ ఇచ్చినవాడు ఆ హీట్‌లో నా వెనకే ముగించాడు, దిగాక నవ్వుతూ కేబుల్ గుర్తుచేశాడు. అదే రోజు 50 సీసీ బండ్ల మీద పిల్లలు, వాళ్ల నాన్నలు, తాతలు అందరూ అదే మట్టి మీద. ప్రొఫెషనల్ రేసులకి వెళ్లినా పిట్స్‌లోకి ప్రేక్షకుల్ని రానిస్తారు, ఛాంపియన్ తన టైరుకి గాట్లు పెట్టుకుంటుంటే పక్కన నిలబడి చూడొచ్చు.

ఇంకోటి, ప్రొఫెషనల్ రేసుల్లో ఆడవాళ్లు మగవాళ్లతో కలిసే పోటీపడొచ్చు. షేనా టెక్స్టర్ 2011లో అయోవాలోని నాక్స్‌విల్ హాఫ్ మైల్‌లో సింగిల్స్ (ఒకే సిలిండర్ బండ్ల) మెయిన్ గెలిచింది, అందరితో కలిసి పోటీపడే. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు కూడా రెండు సిలిండర్ల 650 ట్విన్‌ని ఆడవాళ్ల చేతే ఫ్లాట్ ట్రాక్ బండిగా తయారు చేయించి, శిక్షణ ఇచ్చి, రేసులో దింపే కార్యక్రమం ఒకటి ఇక్కడ నడిపారు. మనకి బాగా తెలిసిన ఆ ఇంజిన్‌ని మట్టిలో అడ్డంగా పోతుంటే చూడటం నాకైతే భలే సరదా.

చూడటానికి ఏది బాగుంటుందంటే, వెళ్లగలిగితే ఇల్లినాయ్‌లో మైలు ట్రాక్ మీద జరిగే స్ప్రింగ్‌ఫీల్డ్ మైల్‌కే వెళ్లండి. స్ట్రెయిట్ మీద గంటకి 200 కిలోమీటర్లు దాటి పోతూ, ఒకరి వెనక ఒకరు గాలి చాటున దాక్కుంటారు, చివరి ల్యాప్‌లో నాలుగో మలుపు నుంచి ముందుగా బయటికి రావడానికి ఎవరూ ఇష్టపడరు, ముందున్నవాణ్ణి ఫినిష్ లైన్ లోపే వెనకున్నవాడు దాటేయొచ్చు కాబట్టి. హార్లే ఎక్స్‌ఆర్750 ఇలాంటి చోట్లే దశాబ్దాలు ఏలింది. 1975లో ఇండియానాపొలిస్‌లోని ఇండీ మైల్‌లో కెన్నీ రాబర్ట్స్ రోడ్ రేసు నాలుగు సిలిండర్ల యమహా టీజెడ్750 ఇంజిన్ వేసిన బండితో వెనకనుంచి వచ్చి చివరి క్షణంలో ఆ హార్లేలని దాటి గెలిచాడు, తర్వాత ఆ బండిని నిషేధించారు. ఆయనే 1978లో రోడ్ రేసింగ్‌లో 500 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, వెనక చక్రాన్ని జారనిస్తూ నడిపే ఆ మట్టి అలవాటుతోనే. నిక్కీ హేడెన్ కూడా ఈ మట్టిలోంచే మోటోజీపీ దాకా వెళ్లాడు. ఇప్పుడు మోటోజీపీ ఛాంపియన్ మార్క్ మార్కెజ్ లాంటివాళ్లు ప్రాక్టీసుకి మట్టి ట్రాకులే తిరుగుతున్నారు. 2014 జనవరిలో బార్సిలోనాలో సూపర్‌ప్రెస్టీజియో అనే ఇండోర్ మట్టి రేసులో ఆ మార్కెజ్‌నే అమెరికన్ ఫ్లాట్ ట్రాకర్ బ్రాడ్ బేకర్ ఓడించాడు, ఇక్కడివాళ్లు ఆ మాట ఇంకా చెప్పుకుంటూనే ఉంటారు.

నచ్చనివీ చెప్పాలి. అన్నిటికంటే ముందు ఎదురుచూపులు. పొద్దున్నే వెళ్తే ప్రాక్టీసు, హీట్, మెయిన్ అన్నీ కలిపి బండి మీద ఉండేది కొన్ని నిమిషాలే, మిగతా రోజంతా ట్రాక్ ఆరేదాకా, తడిపేదాకా, అంబులెన్స్ తిరిగొచ్చేదాకా కూర్చోవడమే. వాన పడితే అదీ లేదు. ఒక క్లబ్ వాళ్లయితే వానకి రేసు రద్దుచేసి ఎంట్రీ ఫీజు తర్వాతి రేసుకి జమ చేస్తామన్నారు, ఆ తర్వాతి రేసు ఇంతవరకూ పెట్టలేదు.

భద్రత సంగతి ఇంకా సీరియస్. పెద్ద రేసుల్లో గాలి నింపిన మెత్తటి ఎయిర్ ఫెన్స్ పెడతారు, చిన్న ఫెయిర్‌గ్రౌండ్స్‌లో మలుపు బయట గడ్డిమోపులు, వాటి వెనక చెక్క ఫెన్సో కాంక్రీటు గోడో. నేను ఎంట్రీ కట్టేముందు గోడలు చూసుకుంటాను, నచ్చకపోతే ప్రేక్షకుల సీట్లలో కూర్చుని చూసి వచ్చేస్తాను. ఇది మోజుతో దిగే పని కాదు, ప్రొఫెషనల్ రేసుల్లో కూడా ప్రాణాలు పోయాయి.

ఇంకో చికాకు, దుమ్ము లేవకుండా, తేమ నిలవడానికి చాలాచోట్ల మట్టిలో కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. ట్రాక్‌కి మంచిదే, బండికి శత్రువు. రాత్రి అలసిపోయి రేపు కడుగుదాంలే అని వదిలేస్తే చైను తుప్పుపడుతుంది, అల్యూమినియం భాగాల మీద తెల్లటి మచ్చలు లేస్తాయి, కనెక్టర్లలో పచ్చగా పూస్తుంది. ఆ రాత్రే కడిగి, చక్రాల బేరింగులు, లింకేజీ అన్నీ విప్పి గ్రీజు పెట్టుకోగల ఓపిక ఉంటేనే 450 కొనండి. వీటి ఇంజిన్లు కూడా గంటల లెక్కన సర్వీసు అడుగుతాయి, రోడ్డు బండిలా కిలోమీటర్ల లెక్క కాదు.

హూలిగన్ క్లాస్ అని ఇంకోటుంది, 750 సీసీ, అంతకంటే పెద్ద రోడ్డు బండ్లని ఒరిజినల్ ఫ్రేముతోనే మట్టిలో దింపుతారు. చూడటానికి దాన్ని మించింది లేదు, రెండొందల కిలోల బండ్లు అడ్డంగా వస్తుంటే కుర్చీలో కూర్చోలేం. మొదలుపెట్టడానికి మాత్రం అది వద్దు. అసలు 450 కూడా వద్దంటాను. అమెరికన్ సూపర్‌క్యాంప్ లాంటి స్కూళ్లు 125 సీసీ చిన్న బండ్ల మీద నేర్పించడానికి కారణం ఉంది, పవర్ తక్కువుంటే తప్పు ఒంటి పొజిషన్‌లో ఉందో థ్రాటిల్‌లో ఉందో వెంటనే తెలుస్తుంది, పడినా దులుపుకుని లేస్తాం. 450 ఆ తప్పుల్ని కొన్నిసార్లు కప్పేస్తుంది, ఇంకొన్నిసార్లు మనల్ని గాల్లోకి విసిరేస్తుంది.

తర్వాత డీటీఎక్స్ కొనాలనిపిస్తే సెకండ్ హ్యాండే తీసుకోండి, చక్రాలూ సస్పెన్షనూ విడిగా చేయించుకుంటే తడిసి మోపెడవుతుంది. చూడాల్సింది ఎడమవైపు, ఈ బండ్లు పడేదంతా అటే. ఎడమ రేడియేటర్ వంగిందా, ఫుట్‌పెగ్ బ్రాకెట్ దగ్గర ఫ్రేముకి వెల్డింగ్ పడిందా, క్లచ్ వైపు హ్యాండిల్ నిటారుగా ఉందా, వెనక హబ్‌లో కదలిక ఉందా చూడండి. ఇంజిన్ నడిచిన గంటలు చూపే అవర్ మీటర్ లేకపోతే పిస్టన్ పాతదనే లెక్కేసుకుని బేరమాడండి. స్టీలు షూ మాత్రం ఇంకొకరిది కొనకండి, వాళ్ల బూటుకి వంచిన రేకు మీ బూటుకి కూర్చోదు. మీ ఎడమ బూటు పంపించి దానికే కొలత పెట్టి చేయించుకోండి, అది వచ్చాకే ట్రాక్ మీదికి వెళ్లండి.