ఆరేళ్లుగా రాత్రిపూట ఉప్పు ఆయింట్‌మెంట్: నా కుడికంటి అనుభవం

మా పాప వేలిగోరు నా కుడికంట్లో గీసుకున్నది 2019 మార్చిలో. అప్పటికి దానికి ఎనిమిది నెలలు. పాలు తాగుతూ చెయ్యి విసిరింది, అంతే. కంట్లో పసుపు రంగు మందు వేసి నీలం దీపంతో చూస్తే, నల్లగుడ్డు మీద గోరు గీసినంత మేరా ఆకుపచ్చగా మెరిసింది. మూడు రోజుల్లో మానింది. ఇక దాన్ని మరచిపోయాను.

ఏడు వారాల తర్వాత ఒక తెల్లవారుజామున కన్ను తెరవగానే బ్లేడుతో చీరినట్లయింది. తెరవలేను, మూయలేను, నీళ్లు ధారగా కారుతున్నాయి. ఎడమకన్ను తెరిచి చూద్దామన్నా దానితోపాటు కుడికన్నూ కదులుతుంది. రెండు కళ్లూ మూసుకుని గోడ పట్టుకుని కుళాయి దగ్గరకు వెళ్లాను. పక్క గదిలో లైటు వేసినా రెప్పల వెనక మంటే. మధ్యాహ్నానికి ఆ బాధంతా చాలావరకు సర్దుకుంది.

నన్ను ఎనిమిది నెలలు తిప్పింది ఈ సర్దుకోవడమే. పదకొండు గంటలకు డాక్టరు చూసే వేళకు పుండు మూసుకుపోయి ఉండేది. మొదట వెళ్లిన చోట కళ్లకలక అన్నారు, తర్వాత అలర్జీ అన్నారు. ఒక మందుల దుకాణంలో చీటీ లేకుండానే స్టెరాయిడ్ కలిసిన చుక్కలు చేతిలో పెట్టారు. అవి వాడి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ గుండె గుబేలుమంటుంది. మా అత్తయ్య చనుబాలు వేసుకోమన్నారు, నందివర్ధనం పూలు తెచ్చి మూసిన రెప్పల మీద పెట్టారు. పూలు చల్లగా హాయినిచ్చాయి. పాలు మాత్రం వేసుకోలేదు.

చివరికి 2020 జనవరిలో ఒక కార్నియా (నల్లగుడ్డు ముందుండే అద్దంలాంటి పొర) నిపుణురాలు అడిగిన మొదటి ప్రశ్నతోనే విషయం తేలింది. "నొప్పి నిద్ర లేవగానే వస్తుందా అమ్మా, పగలు కూడా వస్తుందా?" లేవగానే అన్నాను. పాత దెబ్బ గురించి అడిగి, సూక్ష్మదర్శిని లాంటి దీపం దగ్గర కూర్చోబెట్టి చాలాసేపు చూశారు. దీన్ని రికరెంట్ కార్నియల్ ఎరోజన్ అంటారని, నల్లగుడ్డు మీది పైపొర మాటిమాటికీ లేచిపోవడమే జబ్బని చెప్పారు.

కార్నియా మొత్తం మందం సుమారు అర మిల్లీమీటరు. అందులో పైపొర పదో వంతు మాత్రమే. దెబ్బ తగిలినప్పుడు ఈ పొర రెండు మూడు రోజుల్లోనే పుండును కప్పేస్తుంది కానీ, అడుగు పొరను గట్టిగా పట్టుకోవడానికి నెలలు పడుతుంది. చెమ్మ గోడకు వేసిన సున్నంలాగా, చూడటానికి బాగానే ఉంటుంది, తాకితే పెచ్చు లేస్తుంది. నిద్రలో కన్నీరు తగ్గి రెప్ప లోపలి వైపు ఆ పొరకు అంటుకుంటుంది. మనం కన్ను తెరవగానే రెప్పతోపాటు పొర లేచి వస్తుంది. శరీరంలో నరాల కొనలు అత్యంత దట్టంగా ఉండే చోట్లలో కార్నియా ఒకటి. ఆవగింజంత పుండుకు అంత నొప్పి అందుకే.

ఇక ఆవిడ రాసిచ్చిన ఆయింట్‌మెంట్ సంగతి. ఇందులో 5 శాతం సోడియం క్లోరైడ్ ఉంటుంది, అంటే ఉప్పే. ఉప్పు కలిపిన మామిడి ముక్కలు మాగాయకు ఊట దిగినట్లు, ఇది పైపొరలో చేరిన నీటిని బయటికి లాగుతుంది. వాపు తగ్గిన పొర అడుగుకు అంటుకోవడానికి అనువుగా ఉంటుంది. జిడ్డు వల్ల రెప్పకూ కార్నియాకూ మధ్య రాత్రంతా ఒక పూత నిలుస్తుంది. ఉప్పు లేని మామూలు కంటి ఆయింట్‌మెంట్ కన్నా ఇదే మేలని పరిశోధనలు గట్టిగా తేల్చలేదని డాక్టరమ్మే చెప్పారు. ఏది వాడినా రాత్రి తప్పకూడదన్నది ఆవిడ పట్టు. ఇన్నేళ్లు వాడాక నా మాటా అదే.

వాడే పద్ధతి చిన్నదే కానీ చెయ్యి అలవాటు పడాలి. చేతులు కడుక్కుని, అద్దం ముందు తల కాస్త వెనక్కి వాల్చి, చూపుడువేలితో కింది రెప్పను లాగితే చిన్న జేబులా తెరుచుకుంటుంది. ట్యూబు మొన కంటికి, వెంట్రుకలకు తగలకుండా బియ్యపు గింజంత అందులో వేసి, కన్ను మూసి మెల్లగా గుడ్డు తిప్పాలి. అర నిమిషం మండుతుంది. ఆ తర్వాత అంతా పొగమంచు. చదవడం, ఫోను చూడటం, పాలు కాచడం అన్నీ ముగించుకున్నాకే వేసుకోవాలి. తెరిచిన ట్యూబు నెల దాటితే పారేస్తాను. తెరిచిన తేదీ పెన్నుతో దాని మీదే రాస్తాను.

మూడు నెలలు వాడాక నొప్పి పూర్తిగా పోయింది. నయమైపోయిందనుకుని మానేశాను. పందొమ్మిదో రోజు తెల్లవారుజామున అదే బ్లేడు. నొప్పి లేని నెలల్లోనే ఆ మందు అసలు పని చేస్తుందని అప్పుడు అర్థమైంది. చివరిసారి వచ్చిన రోజు నుంచి లెక్కపెట్టి కనీసం ఆరు నెలలు వేయమన్నారు. నాకు 2021లో మళ్లీ రెండుసార్లు వచ్చింది. అప్పుడు పుండు మీద కట్టులా కప్పి ఉంచే బ్యాండేజ్ కాంటాక్ట్ లెన్సు పెట్టి ఎనిమిది వారాలు ఉంచారు. లెన్సు పెట్టిన పది నిమిషాలకే రెప్ప ఆర్పగలిగాను. ఆ హాయికి కన్నీళ్లు వచ్చాయి. కానీ రాత్రీ పగలూ లెన్సు ఉంటే ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది. యాంటీబయాటిక్ చుక్కలు, చెప్పిన రోజుకు పరీక్ష తప్పనిసరి. సొంతంగా చేయాల్సిన పని కాదు.

లేచే తీరు కూడా మార్చుకున్నాను. మెలకువ రాగానే కళ్లు తెరవను. మూసిన రెప్పల కింద గుడ్డును మెల్లగా అటూ ఇటూ కదిలిస్తాను. తలగడ పక్కన ఉన్న, ప్రిజర్వేటివ్ లేని, కంటిని తడిపే చుక్కల మందును కంటి మూలన వేసి, అది లోపలికి జారాక రెప్ప ఎత్తుతాను. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి తగలనివ్వను. మా పాపకు ఇప్పుడు ఏడేళ్లు. అమ్మ చుక్క వేసుకున్నాకే లైటు వేయాలని దానికి తెలుసు.

నొప్పి వచ్చిన ఉదయాన ఈ ఆయింట్‌మెంట్ నుంచి ఉపశమనం ఆశించకండి. ఇంకా మండుతుంది. పరీక్ష గదిలో మత్తుచుక్క వేసిన అర నిమిషంలో నొప్పి మాయమైతే, ఆ సీసా ఇంటికి ఇవ్వమని డాక్టరమ్మను బతిమాలాను. "ఇవ్వను అమ్మా. ఇది వేస్తూ పోతే పుండు మానదు, కార్నియా కరిగిపోతుంది" అన్నారు. ఎవరైనా బయట ఇస్తామన్నా తీసుకోకండి. మందులకు లొంగని వారికి పాడైన పొరను తీసి డైమండ్ బర్ అనే చిన్న పరికరంతో పాలిష్ చేయడం, లేదా పీటీకే అనే లేజర్ చికిత్స ఉన్నాయి. నాకు అంతవరకు రాలేదు.

కన్ను నొప్పి, ఎర్రదనం, వెలుతురు చూడలేకపోవడం చాలా జబ్బుల్లో ఒకేలా ఉంటాయి. హెర్పిస్ వైరస్ పుండు కావచ్చు, యువియైటిస్ అనే కంటి లోపలి వాపు కావచ్చు. ముఖ్యంగా పొలంలో వరి ఆకో, ఊకో, పుల్లో తగిలి కన్ను ఎర్రబడితే అది ఫంగస్ పుండు కావచ్చు. దాని మీద స్టెరాయిడ్ చుక్క పడితే చూపే పోవచ్చు. నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా, పుసి కారినా, చూపు మసకబారినా ఆ రోజే కార్నియా డాక్టరు దగ్గరకు వెళ్లండి. నా అనుభవం చదివి ఈ ఆయింట్‌మెంట్ సొంతంగా కొనుక్కోకండి.

ఈ మందుకు అయిదుకు నాలుగు ఇస్తాను. చిన్న ఊళ్లలో దొరకదు, రాత్రి చూపు మసకేస్తుంది, అందుకు ఒకటి తగ్గించాను. నాకు చివరిసారి నొప్పి వచ్చింది 2023 సెప్టెంబరులో. ఇప్పుడు వారానికి మూడు రాత్రులు చాలన్నారు. చలికాలంలో, ఏసీ రైలు ప్రయాణాల్లో మాత్రం రోజూ వేస్తాను. కొత్త ట్యూబు నిన్ననే తెరిచాను, తేదీ రాసి పెట్టాను.