బిర్యానీ పక్కన నల్ల సీసా: లేబుల్ తిప్పి చూసి రాసిన రివ్యూ

మన దగ్గర సోడా అంటే గోళీ సోడా, ఉత్త గ్యాసు నీళ్లు. నల్లగా తియ్యగా ఉండేది కూల్‌డ్రింక్. ఒంటి లెక్కలో కూడా అసలు తేడా ఇదే. గ్యాసుతో పెద్ద పేచీ లేదు. పేచీ అంతా అందులో కలిపిన పంచదారతో, ఆమ్లంతో.

రుచికి వంక పెట్టలేం. ఘాటు బిర్యానీ మీద చల్లటి కోలా చురుక్కుమంటూ దిగుతుంటే మజ్జిగ కూడా పోటీకి రాదు. కాకపోతే చల్లదనంలో తీపి నాలుకకు సగమే తెలుస్తుంది. మూత తీసి రెండు గంటలు బయట పెట్టి, గ్యాసు పోయాక ఒక గుక్క తాగి చూడండి. పాకమే.

లేబుల్ మీద లెక్క 100 మి.లీ.కి రాస్తారు. మామూలు కోలాలో అది 10–11 గ్రాముల పంచదార. కొంచెమేగా అనిపిస్తుంది. 250 మి.లీ. సీసాకి కడితే 26 గ్రాములు, అంటే ఐదారు చెంచాలు. 750 మి.లీ. ఒక్కరే లాగించేస్తే 80 దాకా వెళ్తుంది. రోజు మొత్తానికి 50 గ్రాములు దాటొద్దని, 25 లోపుంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పైగా ఇది తాగామని బిర్యానీ ఒక ముద్ద తగ్గదు. ఆ పంచదారలో సగం ఫ్రక్టోజ్ అనే రకం చక్కెర, అది ఎక్కువగా కాలేయానికే చేరుతుంది. రోజూ తాగేవాళ్లలో ఫ్యాటీ లివర్ (కాలేయానికి కొవ్వు పట్టడం), ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు), షుగరు వ్యాధి ముప్పు పెరిగేది అందుకే.

పళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. నోట్లో పీహెచ్ (ఆమ్లం కొలత, అంకె ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ) 5.5 కిందకి దిగితే పంటి పై పొర ఎనామెల్ కరగడం మొదలెడుతుంది, కోలా 2.5 దగ్గర ఉంటుంది. పదార్థాల్లో 338 అని కనిపించేది ఫాస్ఫారిక్ ఆమ్లం. ఒకేసారి తాగేయడం కంటే గంటసేపు చప్పరిస్తూ కూర్చోవడం ఎక్కువ చేటు. తాగాక నీళ్లతో పుక్కిలించండి. వెంటనే బ్రష్ చేస్తే మెత్తబడిన పొర ఊడొస్తుంది, అరగంటైనా ఆగాలి.

'జీరో' రకంలో పంచదార లేదు, ఆమ్లం మాత్రం అలాగే ఉంది. పదార్థాల్లో 951 అంటే ఆస్పర్టేమ్, పంచదార బదులు తీపినిచ్చే కృత్రిమ పదార్థం. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని క్యాన్సర్ కారకం 'కావచ్చు' అనే జాబితాలో చేర్చారు. రోజువారీ పరిమితిని మాత్రం మార్చలేదు: కిలో బరువుకు 40 మిల్లీగ్రాములు. ఎప్పుడో ఒక సీసాతో దాన్ని దాటలేం. ఫినైల్‌కీటోన్యూరియా (పుట్టుకతో వచ్చే అరుదైన జన్యు జబ్బు) ఉన్నవాళ్లు మాత్రం ముట్టకూడదు.

తాగితే అరుగుతుందనేది భ్రమ. వచ్చే త్రేన్పు ఆ సీసాలోని గ్యాసుదే. ఎసిడిటీ ఉన్నవాళ్లకి మంట ఇంకా ఎగదన్నుతుంది. విరేచనాలప్పుడైతే అసలు వద్దు. లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉంటాయి. లీటరు కోలాలో పంచదారే వంద దాటుతుంది, ఉప్పు దాదాపు సున్నా. అంత తీపి పేగుల్లోకి నీటిని లాగి, విరేచనాలను ఇంకా పెంచుతుంది.

మా ఓటు గోళీ సోడాకే. కాకపోతే బండి దగ్గర అడగాల్సింది ధర కాదు, సోడాలో ఏ నీళ్లు పోశారు, సీసాలు దేనితో కడిగారు అని. నిమ్మకాయ ఉప్పు సోడా అయితే బీపీ ఉన్నవాళ్లు ఉప్పు వద్దని ముందే చెప్పాలి.

నల్ల సీసా మందులా పనికొచ్చే సందర్భం ఒకటుంది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకి షుగరు పడిపోయి చెమటలు, వణుకు వస్తే, స్పృహలో ఉండి మింగగలిగితే, మామూలు కోలా 150 మి.లీ. చాలు. 15 నిమిషాలాగి మళ్లీ పరీక్ష చేయాలి. ఆ కంగారులో చేతికి 'జీరో' సీసా రాకుండా చూసుకోండి, అది తాగినా షుగరు పెరగదు.