గరగర పోయింది, అరుగుదల మిగిలింది: గాంధీనగర్‌లో ఒక యాంప్లిఫయర్ రిపేరు

మా ఇంట్లో 1970ల చివరినాటి సాన్‌సుయి ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్ ఒకటి ఉంది. రెండేళ్లుగా దాని వాల్యూమ్ తిప్పితే గరగరమనేది, ట్రెబుల్ ముట్టుకుంటే చిటపటలాడేది, క్యాసెట్ డెక్ శబ్దం వినడానికి నొక్కే టేప్ మానిటర్ స్విచ్‌ను నాలుగుసార్లు అటూ ఇటూ నొక్కితే గానీ ఎడమ స్పీకరు పలికేది కాదు. విజయవాడ గాంధీనగర్‌లో ఒక మేడమెట్ల కింద పాత ఆడియో సెట్లు బాగుచేసే చిన్న దుకాణం ఉందని తెలిసి గత నెల అక్కడికి తీసుకువెళ్లాను. పనితనం విషయంలో ఆ మెకానిక్‌ను మెచ్చుకోకుండా ఉండలేను; గడువు, రసీదు విషయంలో మాత్రం ఆ మాట అనలేను.

ముందుగా నా తప్పు చెప్పుకోవాలి. దుకాణం సంగతి తెలియక మునుపు, తలుపు బందులకు కొట్టే స్ప్రేనే వాల్యూమ్ నాబ్ ఇరుసు దగ్గర కొట్టాను. మూడు వారాలు హాయిగా పనిచేసింది, ఆ తర్వాత గరగర రెట్టింపైంది. మూత తీయగానే మెకానిక్ ఆ జిడ్డు చూసి విషయం పట్టేశారు. ఆ నూనె పొర దుమ్మును పట్టి ఉంచుతుందనీ, ముందువైపు నుంచి కొడితే నాబ్‌ను నెమ్మదిగా, నిండుగా తిరగనిచ్చే గ్రీజు కూడా కరిగిపోతుందనీ విసుక్కోకుండా వివరించారు.

ఆయన పని చేసే తీరు దగ్గరుండి చూశాను. ప్లగ్గు పీకి, పెద్ద కెపాసిటర్లలోని చార్జి దిగిందని మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టారు. నాబ్ తిప్పే కంట్రోల్ వెనుక, వైర్లు అతికే లోహపు కాళ్ల పక్కన ఉండే సన్నని సందులోకి గొట్టం ఆనించి, కందెన కలిసిన కాంటాక్ట్ క్లీనర్‌ను ఒక్క క్షణం మాత్రమే కొట్టి, ఇరుసును ఈ కొస నుంచి ఆ కొసకు ముప్పై సార్లు తిప్పి, సెట్టును పక్కకు వంచితే టీ డికాక్షన్ రంగులో మురికి కారి కింద పరిచిన గుడ్డ మీద పడింది. స్విచ్‌లకు మాత్రం పూర్తిగా ఆరిపోయే రకం వాడారు. పూజగదిలో వెండి కుందులు నల్లబడ్డట్టే స్విచ్ లోపలి వెండి పూత కూడా గాలిలోని గంధకం వల్ల నల్లబడుతుంది. తరచూ కదిలే స్విచ్‌లో ఆ నలుపు రాపిడికి పోతుంది గానీ, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని టేప్ మానిటర్‌లో అలాగే ఉండిపోయి ఒకవైపు శబ్దాన్ని మింగేస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ట్రెబుల్ విషయంలో ఆయన పట్టుదల. రెండుసార్లు కడిగినా చిటపట తగ్గకపోయేసరికి, మరొకరైతే మూడోసారి స్ప్రే కొట్టి పంపేసేవారు. ఈయన సెట్టు ఆన్‌చేసి ఆ కంట్రోల్ కాళ్ల దగ్గర డీసీ వోల్టేజి కొలిచారు. సున్నాకు దగ్గరగా ఉండాల్సిన చోట వోల్టేజి కనిపించింది. పాట సంకేతాన్ని పోనిచ్చి డీసీని ఆపాల్సిన, ముందున్న కప్లింగ్ కెపాసిటర్ లీకై డీసీని వదులుతుంటే, కంట్రోల్ ఎంత శుభ్రంగా ఉన్నా తిప్పినప్పుడల్లా శబ్దం వస్తుందట. రెండు చానెళ్లలోనూ ఆ కెపాసిటర్లు మార్చాక చిటపట పూర్తిగా పోయింది.

వాల్యూమ్ దగ్గర మాత్రం చేతులెత్తేశారు. లోపల లాడం ఆకారంలో ఉండే కార్బన్ పట్టీని భూతద్దంలో చూపించారు. నేను ఎప్పుడూ తక్కువ శబ్దంతోనే వింటాను కాబట్టి, మొదటి పావు వంతులోనే బండి చక్రం గాడిలా ఒక గీత పడి ఉంది. "ఇది మురికి కాదండి, అరుగుదల. స్ప్రేకి పోదు," అన్నారు. తక్కువ శబ్దంలో బాస్‌ను పెంచే లౌడ్‌నెస్ కోసం అదనంగా నాలుగో కాలు ఉన్న, రెండు చానెళ్లనూ ఒకే ఇరుసుతో తిప్పే జంట కంట్రోల్ అది. అదే విలువ, అదే ఇరుసు పొడవు ఉన్నది దొరికేదాకా మామూలుది బిగించనని చెప్పేశారు. ఆ నిజాయితీకి నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఇంటికి వచ్చాక బాలమురళీకృష్ణ గారి కచేరీ క్యాసెట్ పెట్టి, ఒట్టి తంబురా శ్రుతి వినిపించే చోట నాబులన్నీ ఒక్కొక్కటే తిప్పి చూశాను; ఎడతెగని శ్రుతిలో చిన్న గీర కూడా దాగదు. వాల్యూమ్ అడుగున ఒకచోట సన్నని గీర తప్ప మరేమీ వినిపించలేదు.

ఇక లోపాలు. నాలుగు రోజులన్న పని పదకొండు రోజులు పట్టింది, మధ్యలో ఫోను తీయలేదు. విడిభాగాలతో కలిపి 1,800 రూపాయలు తీసుకున్నారు. ధర న్యాయమే గానీ, రసీదు అడిగితే పాత కవరు వెనుక రాసిచ్చారు. పైగా క్లీనర్ కారి ముందు పలక మీద లౌడ్‌నెస్ అన్న అక్షరాల్లో మొదటిది సగం చెరిగిపోయింది. నేను చూపించేదాకా ఆయన గమనించలేదు, చూశాక మజూరీలో వంద తగ్గించారు.

వచ్చే నెల క్యాసెట్ డెక్‌ను కూడా ఆయనకే ఇవ్వబోతున్నాను. దానిలోని పొడవాటి రికార్డ్-ప్లే స్విచ్‌కు పదుల కొద్దీ కాంటాక్ట్‌లు ఉంటాయి. ముందు పలక అక్షరాల మీద టేపు మాత్రం ఇంటి దగ్గర నేనే అంటించి మరీ తీసుకువెళ్తాను.