క్లాక్ టవర్ నుంచి కలెక్టరేట్‌కా, చలో హైదరాబాదా? మాజీ సైనికుల ర్యాలీకి ఏది మేలు?

రోడ్డెక్కాలి అనుకోగానే మాజీ సైనికుల సంఘాల్లో మొదట వినిపించే మాట ‘చలో హైదరాబాద్’. ఇందిరా పార్క్ ధర్నా చౌక్‌లో కూర్చుంటేనే సర్కారు కదులుతుందని చాలామంది నమ్మకం. ఇంకొందరు కలెక్టరేట్ ముందు టెంటు వేసి రిలే నిరాహార దీక్షకు దిగుదామంటారు. క్లాక్ టవర్ సెంటర్ నుంచి కలెక్టరేట్ దాకా గంటసేపు నడుద్దామంటే మాత్రం ‘అంతేనా’ అని పెదవి విరుస్తారు. నల్లగొండలో ముందు చేయాల్సింది ఆ నడకే అని మా గట్టి అభిప్రాయం.

అసలు డిమాండ్ ఎవరి చేతిలో ఉందో మొదట తేల్చుకోవాలి. సర్కారు మాజీ సైనికులకు ఇచ్చిన అసైన్డ్ భూమినే తీసుకోండి. పదేళ్లు దాటితే మాజీ సైనికుడు దాన్ని అమ్ముకోవచ్చు. కానీ ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉండిపోతే రిజిస్ట్రేషన్ ఆగుతుంది. ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) ఫైలు తహసీల్దార్, ఆర్డీవో, కలెక్టర్ మధ్యనే తిరుగుతుంది. అలాంటి పనికి హైదరాబాద్ ఎందుకు? సైనికుల ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ స్పర్శ్‌లో పెన్షన్ తేడాలు, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్‌లో మందుల కొరత అయితే అవి కేంద్ర రక్షణ శాఖ పరిధిలోవి. వాటికి వినతిపత్రం ఎంపీకీ చేరాలి. రాష్ట్ర జీవో కావాల్సిన డిమాండ్‌కే ధర్నా చౌక్ సరైన చోటు.

హైదరాబాద్ ఖర్చు కూడా చూడండి. 200 మందికి నాలుగు బస్సులు కావాలి. దాదాపు 100 కిలోమీటర్ల దారి, ఆపైన ఎల్బీ నగర్ నుంచి లోపలికి ట్రాఫిక్. పొద్దున ఆరింటికి బయల్దేరినవాళ్లు ఇల్లు చేరేసరికి రాత్రి అవుతుంది. డెబ్బై ఏళ్లవాళ్లలో సగంమంది వెనకాడతారు, షుగర్ ఉన్నవాళ్లు భోజనం వేళ తప్పి ఇబ్బంది పడతారు. ఇంతా చేస్తే అదే రోజు అక్కడ ఇంకో రెండు మూడు సంఘాల టెంట్లుంటాయి. సిటీ విలేకరికి మీరు వాటిలో ఒకరు, మన జిల్లా విలేకరి అక్కడ ఉండడు.

రిలే దీక్షకు బలం ఉంది, కాదనం. వన్ ర్యాంక్ వన్ పెన్షన్ (ఒకే హోదా, ఒకే సర్వీసు ఉన్నవాళ్లు ఎప్పుడు రిటైరైనా ఒకే పెన్షన్) కోసం మాజీ సైనికులు 2015 జూన్ 15న జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు. ఆగస్టు 14న పోలీసులు వాళ్లను ఖాళీ చేయించబోతే, మెడల్స్ పెట్టుకున్న పెద్దవాళ్లను తోసేసిన దృశ్యాలు దేశమంతా చూసింది. సెప్టెంబర్ 5న కేంద్రం పథకం ప్రకటించింది. అంటే దాదాపు మూడు నెలలు. అక్కడికి హర్యానా, పంజాబ్‌ల నుంచి కూడా మనుషులు వంతులవారీగా రాగలిగారు. ఇక్కడ రోజుకు ఐదుగురు చొప్పున నెలంటే 150 పేర్లు ముందే రాసుకోవాలి. అన్ని పేర్లు లేకుండా టెంటు వేస్తే పదో రోజుకు ఖాళీ కుర్చీల ఫొటో పేపర్లో వస్తుంది, దాంతో ఉన్న పరువూ పోతుంది.

ఇక నడక సంగతి. కలెక్టరేట్‌లో జనం వినతులు తీసుకునే ప్రజావాణి జరిగే సోమవారం పెట్టుకోండి, అధికారులంతా ఒకేచోట దొరుకుతారు. తొమ్మిదిన్నరకు కదలాలి. నల్లగొండ ఎండ తెలిసిందే, మార్చి నుంచి మే దాకా ఈ ఆలోచనే వద్దు. కనీసం వారం ముందు పోలీస్ స్టేషన్‌లో దరఖాస్తు ఇచ్చి, ఒక ప్రతి డీఎస్పీకి పంపాలి. అందులో బయల్దేరే చోటు, దారి, ముగిసే చోటు, వేళ, ఎంతమంది, మైకు ఆటో ఉందా, బాధ్యులిద్దరి ఫోన్ నంబర్లు రాసి, మీ ప్రతి మీద స్టాంపు వేయించుకోండి. జిల్లాలో 30 పోలీస్ యాక్ట్ అమల్లో ఉంటే అనుమతి లేని ర్యాలీకి కేసులు పెడతారు. మైకు మాట దరఖాస్తులో లేకపోతే ఆటోను మొదటి చౌరస్తాలోనే ఆపేస్తారు.

మూడు వరుసల్లో నిలబెడితే 200 మంది దాదాపు వంద మీటర్ల పొడవు వస్తారు. నిమిషానికి 40 మీటర్లు నడిస్తే ఒక చౌరస్తా దాటడానికి రెండున్నర నిమిషాలు పడుతుంది. ఈ లెక్క ట్రాఫిక్ ఎస్సైకి ముందే చెబితే ఆయనే దారి ఆపిస్తాడు. అందరూ చేసే పొరపాటు, చురుకైనవాళ్లను ముందు పెట్టడం. ముందువాళ్లు రెండడుగులు పెంచితే చివరివాళ్లు పరుగెత్తాలి. అప్పుడు వరుస తెగి మధ్యలోకి ఆటోలు దూరతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను, వీరనారీలను (అమరులైన సైనికుల భార్యలను) ముందు నడిపించండి, వేగం వాళ్లదే. నడవలేనివాళ్లకు వెనక రెండు ఆటోలు చాలు. మనిషికి అర లీటరు చొప్పున 20 లీటర్ల క్యాన్లు ఐదు, కొన్ని ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి.

పాత యూనిఫాం వద్దు. సర్వీసులో ఉన్నట్టు కనబడితే చట్టపరంగా చిక్కు. తెల్ల చొక్కా మీద ఎడమ వైపు మెడల్స్ పెట్టుకోవాలి, భర్త మెడల్స్ పెట్టుకునే వీరనారీలు కుడి వైపు పెట్టుకోవాలి. సెలవు మీద వచ్చిన కొడుకైనా సరే, సర్వీసులో ఉన్నవాళ్లను వరుసలోకి రానివ్వద్దు, ఉద్యోగానికే ముప్పు. పార్టీ కండువాలు కూడా వద్దు. నాయకుడు నడిచాడంటే ఫొటో ఆయనదే అవుతుంది.

ముందు ఒక్కటే ఫ్లెక్సీ, పది అడుగులు బై మూడు, అందులో ఒక్క డిమాండ్ ఆరు మాటల్లో. గాలికి ఉబ్బి చిరగకుండా అక్కడక్కడ కోతలు పెట్టించండి. ఐదు డిమాండ్లు రాస్తే పది అడుగుల దూరం నుంచి ఒక్కటీ చదవలేరు. ఫొటోలు, ఒక పేజీ ప్రకటన పన్నెండింటికల్లా విలేకరుల వాట్సాప్‌లో ఉండాలి. సాయంత్రం పంపితే జిల్లా పేజీలో మిగిలేది మూలన చిన్న ముక్కే.

మహబూబ్‌నగర్‌లో మాత్రం దారి మార్చుకోవాలి. కొత్త కలెక్టరేట్ ఊరి బయట ఉంది, అక్కడిదాకా నడిచినా చూసేవాళ్లు తక్కువ. నడక తెలంగాణ చౌరస్తాలో ముగించి, ఐదుగురు బండిలో వెళ్లి వినతిపత్రం ఇవ్వడం మేలు.

వినతిపత్రం నాలుగు ప్రతులు తీసుకెళ్లి, ప్రజావాణి రసీదు నంబరు రాయించుకుని రండి. పదిహేను రోజుల్లో రాతపూర్వక జవాబు రాకపోతే అప్పుడు ఆ నంబరునే టెంటు బ్యానర్ మీద రాసి, 150 పేర్ల జాబితాతో దీక్షకు కూర్చోండి. అదీ రిలే దీక్షే, పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా. 65 దాటినవాళ్లను ఆమరణ దీక్షకు కూర్చోబెట్టడానికి ఏ సంఘమూ ఒప్పుకోకూడదు.